యతి తప్పని విన్నపము

ఆషాఢమాసపుఁ గడపటి దినములు. కురియక విరియక నానాఁటికి దిగిదిగి వచ్చుచున్న నీలమేఘమండలము కోటకొండ పురమును మూకుడువలె మూసియుండ, ఉదయాస్తమయములకు భేద మెఱుంగరాని యా మసక వెలుతురునందు రాజవీథిలోని సుధాధవళసౌధములు సైతము బూడిదవన్నె దాల్చి, విత్తనములు చల్లి యాకాశమువంక మొగములెత్తి చూచుచున్న కృషీవలుల నిట్టూర్పులును కొట్టములలోఁ గట్టువడిన గోవుల యంభారవములును దక్క వేఱొక సందడి లేక, ఆ సంస్థానమంతయు వానకై యెదురుచూచి చూచి యలసిపోయియుండెను.

అట్టి యొక ప్రాతఃకాలమున నాస్థానకవియైన ఓగిరాల నీలకంఠకవి తన యింటి నడిమిగదిలో నులకమంచముపై గోడవైపు మొగము పెట్టుకొని పరుండియుండెను. నిద్ర కాదు, జ్వరమును గాదు. ముప్పదియేండ్లు నిండుసభలలో సింహమువలె గర్జించిన యా పురుషునకు మూఁడేండ్లనుండి కన్ను తెఱచుటయే కొండ నెత్తుట యయ్యెను. గాదెల ధాన్యమున్నది, బిడ్డలు చల్లఁగా నున్నారు, గౌరవమునకుఁ గొఱఁత లేదు. దుఃఖించుటకొక కారణమైన నుండిన దానినిఁ బట్టుకొని యేడ్చియుండును, అదియు లేదు. వైద్యుఁడు వాతమని కషాయములు గాచి పోసెను. భూతవైద్యుఁడు గాలియని వేపమండలతోఁ గొట్టెను. బంధువు లివి యన్నియుఁ గడుపునిండిన బేరములని చాటున నవ్వుకొనిరి. ఎవరికైనఁ దనదాఁక వచ్చినఁ గాని తెలియదు గదా.

ఆ గదిలో నేమి జరుగుచున్నదో యెఱిఁగినది యతని భార్య సోమిదమ్మ యొక్కతెయే. ఆ దినమున నామె గంజిగిన్నెతో వచ్చి మంచపుఁ బట్టెపైఁ గూర్చుండెను.

“నేఁడు సభకుఁ బోయి సెలవడుగుఁడు. మా యన్నయ్య యూర మిమ్మొక పద్యము చెప్పుమని పీడించువారుండరు. లేవఁగలిగిననాఁడు లేతురు, లేనినాఁడు పరుందురు. అంతకంటె మనకేమి కావలెను?”

కావలసినది నిజముగా నంతయే. కాని యా సంస్థానమున నొక కట్టడి యుండెను. ఆస్థానకవి రాజానుజ్ఞ లేక పొలిమేర దాఁటరాదు. రాజునకు విన్నవించుకొనునెడఁ బద్యముననే కాని వచనమున నోరు విప్పరాదు.

“అడిగిన నిత్తురా?” అని యతఁడు గోడతోఁ బలికెను.

“పద్యము బాగుండిన నీయరు. బాగుగాఁ జెప్పువానికి జబ్బని యెవరు నమ్ముదురు? కడపటి పాదమున యతి తప్పించి చెప్పుఁడు. ఓగిరాలవారి నోట యతి తప్పెనన్నఁ బ్రధానపండితులు పేరిశాస్త్రులవారే స్వయముగా వైద్యునింటికిఁ బరుగిడుదురు!”

యతి యనఁగాఁ బాదము మొదటి యక్షరమునకు నడుమ జోడు కుదుర్చుట. పద్యవిద్యలో నిన్నమొన్న నడుగిడినవాఁడును దప్పని నియమమది. భార్య యుపాయము విని నీలకంఠకవి యెన్నాళ్లకో చిఱునవ్వు నవ్వెను. మంచముపైననే నాలుగు పాదములు కూర్చి, కడపటి పాదమును “నేను నాలోన వెదకినఁ గాన నన్ను” అని, ‘నే’కు ‘గా’ జోడు కుదురకుండఁ గావలెనని చెడఁగొట్టి, స్నానము చేసి, నడిచినంతమేరయు నా చెడిన పాదమునే వల్లించుకొనుచు సభకుఁ బోయెను.

విద్వజ్జనపరివేష్టితుఁడై సింహాసనమునఁ గూర్చున్న మల్లభూపాలుఁ డతనిఁ జూచి, నెలదినములకు దర్శనమిచ్చితిరని యాదరముతో నెదురువచ్చి కూర్చుండఁబెట్టెను. ఆ రాజు క్రూరుఁడు కాఁడు. కవిత్వమన్నఁ బ్రాణము పెట్టువాఁడు. నీలకంఠకవి కన్నులు మూసికొని మెల్లఁగాఁ జదివెను.

తెల్లవాఱెను లోకము తేటపడియె
తలుపు తెఱచిన వెలుఁగు నా తనువుఁ దాఁకె
లేవ మనసైనఁ గలుగదు లేదు వగపు

మూఁడు పాదములు ముగిసెను. నాలవదాని సగమునొద్ద నాతని కంఠ మొక్క క్షణము నిలిచెను. ముప్పదియేండ్ల యభ్యాసముచే నొక్కనాఁడును దప్పటడుగు వేయని యా జిహ్వ, యజమాని యానతికై నిరీక్షింపక, చెడిన పాదమును దానంతటఁ దానే దిద్దుకొనెను.

నేను నాలోన వెదకిన నేను లేను

 సభలో నొక్క పెట్టునఁ గరతాళధ్వనులు చెలరేఁగెను. ప్రధానపండితుఁడగు పేరిశాస్త్రి లేచి నిలిచి శాలువ జాఱుటయుఁ దెలియక “ఆహా! విరహోత్కంఠిత! ప్రియుఁడు రాని రేయి గడచినది. వెలుఁగు తాఁకినను మేలుకొన్నట్లు లేదు. ఇట్టి నాయిక నింతకుముం దెవరు చూచిరి?” అనెను.

నీలకంఠకవి కన్నులు తెఱచెను. తానేమి చేసెనో యప్పుడతనికిఁ దెలిసెను. లేచి, కట్టడిని మీఱి, వచనముననే పలికెను.

“ప్రభూ, నాయిక లేదు. అది నేనే. నాకు బాగులేదు. సెలవిప్పింపుఁడు.”

రాజు చెమ్మగిల్లిన కన్నులతోఁ బేరిశాస్త్రివంకఁ దిరిగి “చూచితిరా! పాత్రలో నెంతగా లీనమైనాఁడో, వచనమునకుఁ గూడ దిగిపోయినాఁడు” అనెను. సభ్యులు మఱల నానందించిరి. రాజు తన ముంజేతి కంకణ మూడ్చి కవి చేతికిఁ దొడిగి, ఈ పద్యమే మొదటిదిగా నా నాయికపైనే నూఱు పద్యముల శతకము కావలెననియు, దినమున కొక్క పద్యము చాలుననియు, కవిగారికి శ్రమ లేకుండ వ్రాయసకాఁడే ప్రతిదినము నింటికి వచ్చుననియు సెలవిచ్చెను. ఆ కన్నీరు నిజమైనదే. లేని నాయికకై రాజు హృదయపూర్వకముగా నేడ్చెను. ఎదుట నిలిచినవాని కొఱకొక్క బొట్టును మిగులలేదు.

ఇంటి వాకిట నిలిచియున్న సోమిదమ్మ, సభనుండి తిరిగివచ్చుచున్న పతి ముంజేతి బంగారు తళుకును దూరముననే చూచెను. చూచినంతనే యామె గడపపైఁ గూర్చుండెను.

“యతి తప్పించి చెప్పలేదా?”

“చెప్పఁబోయితిని.”

“ఒక్క యక్షరము! నా కొఱకొక్క యక్షరము చెడఁగొట్టలేకపోతిరా?”

అతఁడామె ప్రక్కనే గడపపైఁ గూర్చుండెను. “సోమీ, నాలో నన్నియుఁ జెడినవి. చెడనిది యదియొక్కటియే. దానిని నా చేతులారఁ జెఱుపఁబోయిన, అది నా మాట వినలేదు.”

ఆమెకుఁ గోపము రాలేదు, ఏడ్పు వచ్చెను. ఏడ్చి యేడ్చి కన్నులు తుడుచుకొని, అన్నము చల్లారుచున్నది రండని చేయిపట్టి లేపెను. అతఁడు రెండు ముద్దలు తిని, ఇఁకఁ జాలునని మంచము చేరెను.

మఱునాఁడు తెల్లవాఱకమున్నే వ్రాయసకాఁడు సాంబయ్య తాటాకులును గంటమును గొని వచ్చి వీథియరుగుపైఁ గూర్చుండెను. నడిమిగది తలుపు సగము తెఱచియుండెను. కవి గోడవైపునకే తిరిగి పరుండియుండెను. సోమిదమ్మ గంజిగిన్నెతో మంచము చెంత నిలిచి “నేఁడు రాలేదని చెప్పి పంపివేయుదునా?” అని మెల్లఁగా నడిగెను.

 గోడవైపునుండి పద్యమే వచ్చెను. దానినెవరును బిలువలేదు. నాలుగు పాదములును మేలైన ముత్యములవలె జాఱెను. ఎచ్చటను యతి తప్పలేదు.

గంటముతోఁ జెక్కిన యక్షరములు మసి పూసినఁ గాని కంటికిఁ గనఁబడవు. సాంబయ్య వ్రేలితో మసి రాచి గుడ్డతోఁ దుడిచెను. ఒక్కొక్క యక్షరమే నల్లఁగా నిగనిగలాడుచుఁ బైకి వచ్చెను. అతఁడు దానిని రెండుమాఱులు చదివికొని, కన్నులకద్దుకొని, “తల్లీ, మీరెంత పుణ్యాత్ములు! ఇట్టి వాక్కు నుదయమే వినుచున్నారు” అని నమస్కరించి, గదిలోనికిఁ దొంగిచూడక వెడలిపోయెను. సొగసుగా మూలుగఁగలవాని మూలుగును లోకము పాటయనియే వినును.

ఇఁకఁ దొంబదియెనిమిది పద్యములు మిగిలియుండెను. మేఘము లా దినమునను గురియలేదు. సోమిదమ్మ గిన్నెను మంచము క్రిందఁ బెట్టి, చల్లారిన గంజి నెవరును ద్రాగరని యెఱిఁగియు మూఁత వేసి, భర్త వీఁపుపైఁ జేయివేసి యట్లే కూర్చుండెను.