బుడిపెల దుప్పటి

మృదుల దగ్గర వాళ్లమ్మ అల్లిన ఊలు దుప్పటి ఒకటి ఉంది. లేత పసుపు రంగు. దాని నిండా శనగగింజలంత బుడిపెలు. చిన్నప్పుడు జ్వరమొస్తే వాటిని వేళ్లతో తడుముకుంటూ నిద్రపోయేది. అమ్మ ప్రభావతి పోయి పదకొండేళ్లయింది.

ఈమధ్య చెల్లెలి కూతురు స్నేహకు పాప పుట్టింది. ఆ పాపకు అచ్చం అలాంటి దుప్పటే అల్లి ఇవ్వాలని మృదుల కోరిక. క్రోషియాలో మామూలు కుట్లు ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకుంది. బుడిపెలు కూడా వేసింది. కానీ అమ్మ వేసినవాటి పక్కన పెడితే ఏదో తేడా. అదేమిటో ఎంత చూసినా అంతుపట్టలేదు.

ఒక శనివారం మధ్యాహ్నం దుప్పటి సంచిలో పెట్టుకుని అబిడ్స్‌లో బాలకిషన్ ఊలు దుకాణానికి వెళ్లింది. ఆయన కళ్లద్దాలు నెత్తి మీదికి తోసుకుని దుప్పటిని తిప్పి తిప్పి చూశాడు.

"గిదేందో నాకు సమజైతలేదమ్మా. కమలకుమారి మేడం అని నాంపల్లిల ఉంటరు. ముప్పై ఏండ్ల సంది ఊలు మా దగ్గర్నే కొంటరు. ఆమెకు తెల్వని అల్లిక లేదు. ఫోన్ చేసి చెప్త, పోయి కలువుండ్రి."

కమలకుమారి ఇల్లు నాంపల్లి స్టేషన్‌కు దగ్గర్లోనే, మొదటి అంతస్తులో. డెబ్బై దాటిన మనిషి. వాళ్ల నాన్నగారు ఉద్యోగరీత్యా తెనాలి నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారట. ఆవిడ మంచినీళ్లిచ్చి, దుప్పటిని ఒళ్లో పరుచుకుంది.

"పాప్‌కార్న్ కుట్టమ్మా ఇది. ఒకే కన్నంలో అయిదు పొడుగు కుట్లు వేసి, సూది బయటికి తీసి, మొదటి కుట్టులోకి దూర్చి, ఆఖరి ఉచ్చుని లాగెయ్యాలి. బుడిపె లేస్తుంది."

"గట్లనే వేసిన మేడం. కానీ అమ్మవాటి లెక్క వస్తలేవు."

మృదుల తను అల్లిన ముక్క చూపించింది. కమలకుమారి రెండింటినీ కిటికీ వెలుగులో పక్కపక్కన పెట్టింది.

"చివరి వరుస కొంచెం విప్పనా? అంచు ఎలాగూ ఊడిపోతోంది."

మృదుల ఆ అంచును వేలితో తడిమింది. అమ్మ చేత్తో వేసిన ముడి. అయినా తలూపింది.

కమలకుమారి కొసను మెల్లగా లాగింది. అంచు ఊడింది, ఒక బుడిపె విడిపోయింది, పక్కది కూడా. పాత ఊలు వంకీలు వంకీలుగా ఆవిడ చేతిలోకి వచ్చింది.

"చూశావా, దారం కుడి నుంచి ఎడమకి ఊడుతోంది. మనం కుడిచేత్తో అల్లితే ఎడమ నుంచి కుడికి ఊడాలి. మీ అమ్మగారిది ఎడమచేతి వాటమా?"

"లేదు మేడం. బళ్లె టీచరు. కుడిచేత్తోనే రాసేది."

"రాయడం సరే. ఇంట్లోనో?"

మృదుల కళ్ల ముందు ఎడమచేత్తో కూరగాయలు తరుగుతున్న అమ్మ కనిపించింది. ఎవరికైనా ఏదైనా ఇచ్చేటప్పుడు నాయనమ్మ "ఆ చెయ్యేంది?" అని గద్దిస్తే, గబుక్కున చెయ్యి మార్చుకునే అమ్మ. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక తలుపు దగ్గరికేసుకుని అల్లుకునే అమ్మ.

పదేళ్ల వయసులో మృదుల తానూ నేర్చుకుంటానని పక్కన కూర్చుంది. అమ్మ చేసినట్టే చేయబోతే దారం చిక్కుపడేది. నాలుగు రోజులు చూసి అమ్మ సూది లాక్కుంది. "నీకు చెప్పుడు నాతోని కాదు బిడ్డా" అని లేచి వెళ్లిపోయింది. తన చేతికి పనితనం లేదని మృదుల ఇన్నేళ్లూ నమ్మింది. అమ్మకు తనంటే విసుగని కూడా అనుకుంది.

అదంతా బయటికి చెప్పేసింది. కమలకుమారి ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది.

"పక్కన కూర్చోబెట్టుకుంది కాబట్టి రాలేదమ్మా. ఎదురుగా కూర్చుని ఉంటే అద్దంలో చూసినట్టు వచ్చేసేది. ఆ సంగతి ఆవిడకి చెప్పినవాళ్లు ఉండరు."

"ఎవరు చెప్తరు మేడం? ఎడమచేత్తో అల్లుతదని ఎవరికి తెల్వనియ్యలే."

ఆవిడ కుర్చీ జరుపుకుని మృదులకు ఎదురుగా కూర్చుంది. మృదుల వాళ్లమ్మలా తన సూదిని ఎడమచేతిలోకి మార్చుకుంది. "నాకూ కొత్తే. నువ్వు కుడిచేత్తో పట్టు, చూద్దాం" అంది. ఇద్దరూ తప్పులు చేస్తూ, నవ్వుకుంటూ, విప్పుతూ, మళ్లీ వేస్తూ కూర్చున్నారు. చీకటి పడేలోగా రెండు బుడిపెలు నిలబడ్డాయి.

పాప దుప్పటిని మృదుల తన కుడిచేత్తోనే అల్లింది. బుడిపెలు అమ్మవి వాలినవైపు కాకుండా రెండోవైపు వాలాయి. స్నేహకు ఆ తేడా తెలియలేదు. పాపను అందులో చుట్టి, "మస్తుగుంది పెద్దమ్మా" అంది.

అమ్మ దుప్పటిలో విప్పిన చోటును మాత్రం మృదుల ఎడమచేత్తో పూర్తి చేసింది. అందుకు కమలకుమారి ఇంట్లో నాలుగు శనివారాలు పట్టాయి. మిగతావాటికంటే ఆ బుడిపెలు కాస్త వదులుగా ఉన్నాయి. వాటిని అలాగే ఉంచేసింది.