చెల్లెలు దాక్కునే చోటు

చంద్రమోహన్ వంకాయ కొనాలన్నా నాలుగుసార్లు నొక్కి చూసే మనిషి. అలాంటివాడు సోమశిల డ్యాము నీళ్ళ ఒడ్డున, కొండవాలులో స్థలం కొంటాడంటే ఊరికే కొంటాడా? ఆత్మకూరులో ఎరువుల కొట్టు పెట్టి ఇన్నేళ్ళూ కూడబెట్టిందంతా అందులో పెట్టాలి. నాలుగు గదులు కట్టి సెలవులకు వచ్చేవాళ్ళకు అద్దెకిస్తే ఇక పురుగుమందుల వాసన లేకుండా బతకొచ్చని ఆయన ఆశ. కాగితాలు ముందే వకీలుకు చూపించాడు. దారి చూశాడు, కరెంటు స్తంభం ఎంత దూరమో చూశాడు. ఇక చూడాల్సింది నీళ్ళే.

"పిల్లోళ్ళు ఆడుకునే నీళ్ళన్నా ఇవి," అన్నాడు స్థలం చూపిస్తున్న బ్రోకరు రాజమోహన్. "ఎంత దూరం పోయినా మోకాలి లోతే. నీళ్ళల్లో నిలబడి ఫోటో తీసి చూడు. ఎనక కొండ, కొండ మీద ఆ రెండు రాతిగుండ్లు, ముందర మన స్థలం. ఆ వ్యూ కోసమే నెల్లూరోళ్ళు అంకణం నేలకు ఎంతన్నా ఇస్తామంటా ఉండారు."

"దిగితే గానీ లోతు తెలీదు," అని చంద్రమోహన్ ప్యాంటు మడిచాడు. ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని దిగాడు. ఈత రాదు గాని, మోకాలి లోతుకు ఈతెందుకు?

ఒడ్డున నిలబడ్డ ఆయన భార్య రేణుకాదేవి మాత్రం కారు దిగినప్పటినుంచీ నీళ్ళ దగ్గరకు పోలేదు. గాలి బాగుంది, స్థలం బాగుంది, మరి ఈ భయమెందుకో ఆమెకే తెలియడం లేదు. ఆమె పుట్టిన ఊరు ఈ నీళ్ళలోనే ఎక్కడో మునిగింది. డ్యాము నీళ్ళు వస్తున్నాయని ఊరు ఖాళీ చేయించినప్పుడు ఆమె చిన్నపిల్ల. లారీలో మంచాలకూ గొర్రెపిల్లలకూ మధ్య కూర్చుని వచ్చేసింది. ఊరే లేనప్పుడు అది ఏ మూల ఉండేదని ఆనవాలు పడుతుంది? ఇవాళ వచ్చిన దారి కూడా కొండ అవతలి నుంచి కొత్తగా తవ్విన మట్టి రోడ్డు.

ఆమె వెనక్కి తిరిగి కొండను చూసింది. పెద్ద గుండు నడుము వంగినట్టుంది. దాని పక్కన చిన్నది.

అక్కాచెల్లెళ్ళు!

ఆ పేరుతో పాటే పిచ్చమ్మవ్వ గొంతూ గుర్తొచ్చింది. వాళ్ళ చేలో ఒక బావి ఉండేది. చుట్టూ గోడ లేదు, నేలకు సమంగా నోరు తెరుచుకుని ఉండేది. జొన్న ఏపుగా ఎదిగితే పిల్లల కంటికి ఆనేది కాదు. ఒక దూడ అందులో పడి చచ్చాక, అవ్వ మనవరాలు రేణుకను గట్టు మీద నిలబెట్టి, గడ్డం పట్టుకుని తల కొండ వైపు తిప్పి మరీ చెప్పింది.

"అక్కాచెల్లెళ్ళు ఇద్దురూ కనపడినంతసేపూ నడువు. చెల్లెలు అక్క ఎనక దాక్కునిందా, ఇంక ఒక్క అడుగు గూడా ఎయ్యబాకు. బావి నీ కాళ్ళ కాడే ఉండాది."

మోకాలి లోతు నీళ్ళు ఇంత దూరం ఎందుకున్నాయో రేణుకకు ఇప్పుడు తెలిసింది. అది చదును చేసిన చేను. వాళ్ళ చేనే.

చంద్రమోహన్ కర్రను చంకలో ఇరికించి, ఫోను రెండు చేతులా ఎత్తిపట్టి, కొండకేసి చూస్తూ వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు.

"ఏమయ్యా, ఇంక రా," అంది. గాలికి ఆ మాట ఆయన దాకా పోలేదు.

"ఏంది రాజమోహనూ," అని నీళ్ళలోంచి ఆయన నవ్వుతూ అరిచాడు. "రెండు గుండ్లన్నావే? ఈడికి ఒకటే కనపడతా ఉండాది! ఇంకొంచెం ఎనక్కి పోతే..."

"కదలబాకయ్యా!"

ఆ కేకకు ఒడ్డున కొంగలు లేచిపోయాయి. పెళ్ళాం గొంతు అలా పలకడం కాపురంలో ఎన్నడూ వినలేదు గనక ఆయన నిలుచున్నచోటే బిగుసుకుపోయాడు.

"నీ ఎనక కర్ర పెట్టి చూడు."

పెట్టాడు. కర్ర దిగింది. ఇంకా దిగింది. మోచెయ్యి దాకా చెయ్యి మునిగినా కర్రకు ఏమీ తగల్లేదు.

"చెల్లెలు కనపడేదాకా నేరుగా నా ఎదరకు రా. గుండ్లను చూస్తా రా."

ఒడ్డెక్కి ఆయన బురదలోనే కూలబడ్డాడు. రేణుక ఆయన తల పొట్టకు అదుముకుని, "అది మా చేలో బావయ్యా," అని ఏడ్చేసింది.

రాజమోహన్ దగ్గరకొచ్చాడు. "బావి నీళ్ళల్లో ఉండాది వదినా, మనం కొనేది ఒడ్డు గదా. చుట్టూ కర్రలు పాతి తాడు కడితే సరిపాయ. యాడుండాదో నువ్వు చూపించినావు, ఇంకేంది భయం?"

"నేను చూపించింది మా బావి," అంది రేణుక. "ఆ పక్క శీనమ్మోళ్ళ చేను. దాని పక్కన ఇంకెవురిదో. చేనుకొక బావి ఉండేది. అయ్యి యాడుండాయో నాకెట్ట తెలుస్తాది?"

రాజమోహన్ ఆమె భుజం మీదుగా ఒడ్డు అటు చివరకు చూస్తున్నాడు. అతను రమ్మన్న నెల్లూరు వాళ్ళ కారు వచ్చి ఆగి ఉంది. ఒడ్డున రెండు జతల చిన్న చెప్పులున్నాయి. ఇద్దరు పిల్లలు చేతులు పట్టుకుని, నీళ్ళు చిమ్ముకుంటూ అప్పటికే చాలా దూరం వెళ్ళారు.

"పోండి పోండి, ఎంత దూరం పోయినా మోకాలి లోతేనంట!" అని తండ్రి ఒడ్డు మీది నుంచి ఉత్సాహపరుస్తున్నాడు.

రేణుక కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని అటు పరుగెత్తింది. "కదలబాకండి! ఆడనే నిలబడండి!" అని అరుస్తూనే కొండ వైపు చూసింది. అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ కనపడుతున్నారు, కానీ పిల్లలున్నది శీనమ్మోళ్ళ చేను. శీనమ్మ తన పిల్లలకు ఏ గుర్తు చెప్పిందో రేణుకకు తెలియదు.

పిల్లలు ఆమెను చూసి చేతులు ఊపి, ఇంకో అడుగు వేశారు.