మూడో నోటు

తహ్మీనాది నెల్లూరు. దుబాయ్‌లోని డేరా బజారులో ఒక ఇరుకు సందులో పాత నోట్లు, నాణేలు అమ్మే దుకాణం నడుపుతోంది. ఒకప్పుడు అమెరికాలో చిన్న చిన్న ఊళ్ల బ్యాంకులు కూడా సొంత పేరు వేసి నోట్లు ఇచ్చేవి. వాటికోసం వెతుక్కుంటూ వచ్చేవాళ్లు కొద్దిమందే అయినా, పిచ్చి బాగా ముదిరినవాళ్లు.

అజ్మతుల్లా అలాగే వచ్చాడు. ఇస్త్రీ నలగని కమీజు, మెత్తటి హైదరాబాదీ మాట. అద్దం కింద ఉన్న అలాంటి ఒక నోటును బేరమాడకుండా కొన్నాడు.

"ఈ ఊరి నోటు నా దగ్గర ఒకటున్నది బేటీ. ఇంకెవరి దగ్గరన్న ఉన్నదా?"

"మొత్తం మూడే మిగిలాయంటారు సార్. మూడోది షార్జాలో, రోలాలో ఉండే సూరిబాబన్న దగ్గరుంది. ఆయనా నోట్లు పోగేస్తాడు," అంది తహ్మీనా, తనకు తెలుసన్న గర్వంతో.

వారం తర్వాత మళ్లీ వచ్చి, కొన్న నోటును ఆమె ఎదుటే లైటర్‌తో అంటించాడు. ఆమె కేక వేసేలోపే అది నల్లబడి ముడుచుకుపోయింది.

"ఇది ఖలాస్. లోకంల ఒక్కటే ఉండాలె. అది నా దగ్గరుండాలె," అని నవ్వి వెళ్లిపోయాడు.

తహ్మీనా సూరిబాబుకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. షట్టర్ దించి టాక్సీ ఎక్కింది. షార్జా రోడ్డు మీద బండ్లు కదలడం లేదు. అప్పుడు కలిసింది ఫోన్.

"అన్నా! అజ్మతుల్లా వస్తే నోటు చూపించబాక!"

"అయ్యో, ఇప్పుడే చేతిలో పెట్టానమ్మా. చూస్తున్నారు. ఏమైందీ..."

కుర్చీ పడిన చప్పుడు. లైను తెగిపోయింది.

ఆమె వెళ్లేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. సూరిబాబు కుళాయి కింద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. అరచెయ్యంతా బొబ్బలు.

"నోటు అంటించాడు. లాక్కుందామని మంటలో చెయ్యి పెట్టానమ్మా. మణికట్టు పట్టుకుని అలాగే ఉంచాడు. నవ్వుతూనే ఉన్నాడు."

"పోలీసుల దగ్గరికి పోదాం పదన్నా."

"వద్దమ్మా. వాడికి నా ఇల్లు తెలుసు."

రోలా అని చెప్పింది తనేనన్న మాట దాచి, తహ్మీనా తడిగుడ్డ వెతికి అతని చేతికి చుట్టింది.

మర్నాడు దుకాణం ముందు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు అజ్మతుల్లా. పక్కన రెండు టీ కప్పులు.

"రా బేటీ. ఇంకో ఊరి నోటు గురించి అడగాలె."

ఆమె తాళంచెవులు గుప్పిట బిగించి వెనక్కి తిరిగింది. జనంలో కలిసి రేవు దాకా నడిచి, అవతలి గట్టుకు కదలబోతున్న అబ్రా పడవ ఎక్కింది. పడవ నీళ్ల మధ్యకు వచ్చాక పోలీసులకు ఫోన్ చేసింది.

మనిషి వివరాలు అడిగారు. పేరు చెప్పింది. ఇల్లెక్కడో, పనేమిటో ఆమెకు తెలియదు. ఆ పేరైనా అతను చెప్పుకున్నదే. గట్టు మీద అతను, తొందరేమీ లేనట్టు, తర్వాతి పడవ కోసం నిలబడి ఉన్నాడు.