అరెస్టయినవాళ్లకి మాత్రమే

మిట్టమధ్యాహ్నం ఎండకి బండి మీద రేకు కూడా ఇస్త్రీపెట్టెలాగే కాలుతోంది. పోలీస్ స్టేషన్ గోడవారగా నిలబడి, ఇస్త్రీ అక్క పొద్దుటినుంచీ ఖాకీ బట్టలు రుద్దుతూనే ఉంది. మూట సగం కూడా తరగలేదు. రేపు స్టేషన్లో కొత్త గది తెరుస్తారు, పైనుంచి పెద్దలొస్తారు. ఒక్క చొక్కా మీద కూడా ముడత కనిపించకూడదని ఇన్‌స్పెక్టర్ హుకుం.

ఆ గదికి సర్కారు బోలెడు డబ్బిచ్చింది. అరెస్టయిన ప్రతి మనిషికీ బుగ్గ లోపల పుల్లతో తుడిచి, డీఎన్‌ఏ తీసి దాస్తారట. ఏసీ వచ్చింది, ఫ్రిజ్ వచ్చింది, పుల్లల పెట్టెలు వచ్చాయి.

ఆమె మనసు మాత్రం రోడ్డుకి అవతల ఆసుపత్రి శవాల గదిలో ఉంది. లారీల మీద లోడింగుకి వెళ్లిన కొడుకు వానలు మొదలైనప్పటినుంచీ లేడు. కాలువలో ఎవరో దొరికాడంటే పొద్దున్నే, బండి పెట్టకముందే వెళ్లి చూసింది. ముఖాన్ని నీళ్లు తినేశాయి. పొడుగు వాడిదే అనిపించింది. చేతులు వాడివి కావనిపించింది. ఔనని అనడానికి నోరు రాలేదు, కాదని వెనక్కి రావడానికి కాళ్లు రాలేదు.

ఆమెని అక్కడికి వెంట తీసుకెళ్లిన బక్క కానిస్టేబుల్ ఇప్పుడు బండి దగ్గరికొచ్చి, కుండలో నీళ్లు ముంచుకు తాగాడు.

"నీ బుగ్గలో ఒక్క పుల్ల పెడితే తేలిపోతుందక్కా. తల్లీబిడ్డల గుట్టు అందులోనే ఉంటుందట."

"అయితే పెట్టు తమ్ముడూ. నోరు ఇప్పుడే తెరవనా?"

"అవి అరెస్టయినవాళ్లకి మాత్రమే. వచ్చిన డబ్బంతా వాళ్ల పేరు మీదే వచ్చింది. దిక్కులేని శవాలకి దమ్మిడీ రాలేదు. బయట చేయించాలంటే, మా స్టేషన్ బట్టలన్నీ రెండేళ్లు ఇస్త్రీ చేసినా నీకు అంత రాదు."

"వాణ్ణి ఎన్నాళ్లు ఉంచుతారు?"

"రేపు సాయంత్రం పూడ్చేస్తారు."

ఆమె పెట్టెలో బొగ్గులు కదిపింది. "నన్నూ ఒక పూట అరెస్ట్ చెయ్యరాదూ?"

అతను నవ్వాడు. "ఏ నేరం రాయమంటావ్? ఊడిన గుండీలు అడక్కుండానే కుట్టిందనా?"

అతను లోపలికి వెళ్లిపోయాడు. ఆమె ఇన్‌స్పెక్టర్ చొక్కా తీసి బల్ల మీద పరిచింది. ఎర్రగా కాలిన పెట్టెని సరిగ్గా జేబు మీద పెట్టి వదిలేసింది. ఇన్నేళ్లలో ఒక్క బట్టైనా కాల్చిన చెయ్యి కాదది. వాసన తగలగానే పెట్టె ఎత్తడానికి దానంతటదే లేచింది. ఆ చేతిని రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది.

పొగ వస్తున్న చొక్కాని తీసుకెళ్లి ఇన్‌స్పెక్టర్ బల్ల మీద పెట్టింది.

"నీ కళ్లేం మూసుకుపోయాయా? రేపు నేనేం వేసుకోవాలి?"

"పొరపాటు కాదయ్యా. కావాలనే కాల్చాను. అరెస్ట్ చెయ్యండి."

"పిచ్చిదానివా? ఫో అవతలికి," అని కసిరాడు. అంతలోనే ఆయన చూపు కొత్త గది తలుపు మీదికి పోయింది. రేపు వచ్చేవాళ్లు ఎంతమందివి తీశారని అడుగుతారు. ఇంకా బోణీ కాలేదు. "సరే, రాసుకోండి. సర్కారు సొమ్ము పాడు చేసింది."

కొత్త గది చల్లగా ఉంది. బక్క కానిస్టేబులే చేతులకి తొడుగులు వేసుకున్నాడు. అతను అడక్కముందే ఆమె నోరు తెరిచింది. పుల్ల రెండు బుగ్గల్లోనూ తిరిగింది. గొట్టంలోకి, అక్కణ్ణుంచి కవర్లోకి వెళ్లింది. సీల్ పడింది.

"ఎప్పుడు చెప్తారయ్యా?" అంది నోరు తుడుచుకుంటూ.

"ఏమిటి?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"కాలువలో దొరికినవాడు నా బిడ్డో కాదో."

కానిస్టేబుల్ తల దించుకున్నాడు. ఇన్‌స్పెక్టర్‌కి విషయం అప్పుడర్థమైంది. "దానికోసమా ఈ నాటకం? ఇది నేరాలతో పోల్చి చూడ్డానికి. ఇకమీదట ఎక్కడ దొంగతనం జరిగినా ముందు నీది వెతుకుతారు. శవాలతో పోల్చడానికి డబ్బులేవీ?"

"నాది మీ చేతిలోనే ఉంది. వాడు మీ ఆసుపత్రిలోనే ఉన్నాడు. మధ్యలో ఉన్నది ఒక్క రోడ్డేగదయ్యా! నేనేమీ వాణ్ణి బతికించమనడం లేదు. ఏడవాలో, ఎదురుచూడాలో చెప్పండి చాలు."

"నా చేతుల్లో లేదు."

"అయితే నాది నాకిచ్చెయ్యండి."

"ఒకసారి తీస్తే తిరిగివ్వడం ఉండదు. నువ్వు పోయాక కూడా ఉంటుంది."

వేలిముద్ర వేయించుకుని, పిలిచినప్పుడు రావాలని చెప్పి వదిలారు. బయటికొచ్చేసరికి ఎండ వాలింది. పెట్టెలో బొగ్గుల మీద బూడిద కమ్మింది గానీ, కింద ఎరుపు ఇంకా చావలేదు.

వెనకే కానిస్టేబుల్ వచ్చాడు. "నేను వివరంగా చెప్పాల్సింది. తప్పు నాదేనక్కా." కాసేపు నసిగాడు. "మరి... ఆ మూట. రేపు పొద్దున్నే కావాలంటున్నారు. ఇన్‌స్పెక్టర్‌గారి రెండో చొక్కా కూడా ఇచ్చి పంపారు."

ఆమె చొక్కా అందుకోలేదు. ఇస్త్రీపెట్టె మూత ఎత్తింది. కుండ రెండు చేతులతో పట్టుకుని, ఉన్న నీళ్లన్నీ బొగ్గుల మీద గుమ్మరించింది. ఆవిరి భుస్సుమని లేచి ఇద్దరి ముఖాలకీ కొట్టింది.

"అక్కా, ఇదేంటి? రేపట్నుంచి ఏం తింటావ్?"

ఆమె మూట కట్టి అతని చేతుల్లో పెట్టింది.

"రేపు వాణ్ణి ఎక్కడ పూడుస్తారో చెప్పు తమ్ముడూ."

అతను చెప్పాడు. విని తలూపింది. తర్వాత పెట్టె దించుకుని బండి కింద కూర్చుని, తడిసిన బొగ్గుల్ని ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టసాగింది. అవి ఆరడానికి ఇక ఎండ లేదు.