పద్నాలుగులో మూడు తీసి రెండు కలిపితే

ఆ పొద్దున ఆకాశం బూడిదరంగులో కిందికి దిగి కూర్చుంది. చినుకు మాత్రం రాలలేదు.

నేను ఒక నల్లబల్లను. వడ్రంగి నన్ను ముందు తలుపుగా చేశాడు. వంకర ఉందని ఇంటివాళ్లు వద్దంటే బడికిచ్చాడు. ఇంటికి పనికిరాని చెక్క మీదే మనుషులు బిడ్డలకు చదువు చెప్పిస్తారు.

రుద్రప్ప సారు నా నెత్తిన తెల్లరంగుతో ఒక వరస రాయించాడు: బ్రాకెట్లు, భాగహారం, గుణకారం, కూడిక, తీసివేత. "కూడిక అయినాకే తీసివేత. వరస తప్పితే వీపు పగుల్తాది" అనేవాడు. ఇరవై ఏళ్లు అదే చెప్పాడు. నేనూ మోశాను. ఇప్పుడు దాని మీద నాలుగు పూతల నల్లరంగుంది. తేమ పట్టినప్పుడల్లా అక్షరాలు పైకి తేలుతుంటాయి.

ఆ పొద్దున ఆరో తరగతి కుళ్లాయమ్మ పదకొండు రోజుల తర్వాత బడికొచ్చింది. వాళ్ల నాయన తిప్పన్న బావుల్లో బండ పేల్చేవాడు. బండలో తొలిచి పేలుడు మందు కూరిన కన్నానికొక గులకరాయి డబ్బాలో వేసుకునేవాడు. చప్పుడుకొకటి పారేసి, డబ్బా ఖాళీ అయితేనే బావిలోకి దిగేవాడు. అట్లాంటి ఒక బావిలోనే పోయాడు.

ఎవరూ అడగకుండానే ఆ పిల్ల నా మీద రాసింది: 14 − 3 + 2. మూడూ రెండూ ఐదు. పద్నాలుగులో ఐదు పోతే తొమ్మిది. సారు అలవాటుగా టిక్కు పెట్టాడు.

"ఆ ఆదివారం నాయనకు బువ్వ తీస్కపోయినా సార్. పద్నాలుగు కన్నాలు కూరినారు. మూడిట్లో నీళ్లూరితే మందు తీసేసినారు. కొత్తగా రెండు కూరినారు. రాళ్లెందుకు నాయనా, నేను లెక్క జేస్తా అంటి. మా కలెక్టరమ్మ ఉండాది గదా అని నవ్వి డబ్బా పక్కన పెట్టినాడు. తొమ్మిదని చెప్తి. తొమ్మిది మోగినాయి. దిగినాడు. ఇంగా నాలుగు పేలకుండా ఉండాయంట. నేను యాడ తప్పినా సార్?"

సారు నా మీద చెయ్యి ఆనించాడు. తను పెట్టిన టిక్కు చూశాడు. ఏదో ఒకటి చెప్పి పంపేయొచ్చు. అడిగేవాళ్లు లేరు.

"నువ్వు తప్పలేదమ్మా. నేను చెప్పిందే తప్పు. కూడికా తీసివేతా సమానమే. ఎడమ నుంచి ఏది ముందొస్తే అది చెయ్యాల. పద్నాలుగులో మూడు పోతే పదకొండు. రెండు కలిపితే పదమూడు."

మధ్యాహ్నం నేరుగా వంటపాకలోకి పోయాడు. అక్కడ వండేది ఆ పిల్ల తల్లి మారెక్క. వరండా గోడ నుంచి నాకంతా కనబడుతుంది.

"మారెక్కా, తిప్పన్నను దింపింది నీ బిడ్డ గాదు. నేను."

ఆమె గరిటె ఆపలేదు. పిల్లలందరికీ వడ్డించింది. చివర మూడు పళ్లేలు పెట్టింది. బిడ్డకొకటి, తనకొకటి, సారుకొకటి. ముగ్గురూ నేల మీద కూర్చున్నారు. సారు ముద్ద కలిపాడు గాని నోటిదాకా పోలేదు. మారెక్క చూసింది. ఆయన పళ్లెంలో ఇంకో గరిటెడు పప్పు పోసింది. ఆయన తిన్నాడు. ముగ్గురూ తిన్నారు.