పదహారు సంతకాల కాగితం

కాలువకు నీళ్లు వదిలిన రోజున పాల్‌ను పంప్‌హౌస్ గేటు బయట నిలబెట్టారు. అది నా కళ్లతో చూశాను. ఆ తర్వాత నేను చేసిన పని కూడా ఉంది, అదీ చెప్తాను.

పాల్ మా ఎత్తిపోతల పథకంలో పదకొండేళ్లుగా హెల్పర్. కాగితం మీద హెల్పర్, పనిలో ఆపరేటర్. అరచెయ్యి ఆనించి బేరింగ్ ఇంకెన్నాళ్లు వస్తుందో చెప్పేవాడు. ఇక్కడ పని వచ్చిన ప్రతివాడికీ ఆయనే నేర్పాడు, నాతో సహా. ఆ రోజు కూడా పొద్దున్నే మూడు మోటార్లూ సిద్ధం చేసి చేతులు తుడుచుకుంటుంటే మేనేజర్ వచ్చాడు.

"పాల్, నువ్వు జర గేటు కాడ ఉండు. పూజారి వస్తుండు, పెద్దోళ్లు వస్తుండ్రు."

"మోటరు కాడ ఎవరుంటరు సార్?"

"హరీష్ ఉంటడు. చర్చికి పోయేటోన్ని హారతి కాడ నిలబెడితే బాగుండదు."

హరీష్ చేరి రెండేళ్లు. పంప్‌హౌస్ నడిపే కాంట్రాక్టర్ ఊరివాడు. అతనే బటన్ నొక్కాడు, ఫొటోలు తీశారు. పాల్ గేటు బయట, అక్కడే ఊడ్చే పని చేసే భార్య రంగమ్మ పక్కన నిలబడి ఉన్నాడు.

మర్నాడు నోటీసు బోర్డు మీద రాశారు, షిఫ్ట్ ఇంచార్జి హరీష్ అని.

ఆ పోస్టు పాల్‌దేనని మా యూనియన్ లీడర్ వెంకట్రాములు మూడు మీటింగుల్లో అన్నాడు. ఇప్పుడు కూడా పాల్ భుజం మీద చెయ్యేసి, "గద్వాల ఆఫీసుకు పోయి అడుగు. మేమంతా నీ ఎంబడి ఉన్నం" అన్నాడు. పాల్ నమ్మి పోయాడు.

తిరిగొచ్చేసరికి మేం షెడ్డులో అన్నాలు తింటున్నాం. ఆఫీసులో ఇచ్చిన జిరాక్సు కాగితం జేబులోంచి తీసి చదివాడు. 'పాల్ ఇంచార్జి అయితే మేము ఆయన కింద పని చేయలేము. పూజకు రాడు. ఆదివారం ప్రార్థన అంటాడు. ఆయన మాట ఎవరూ వినరు.' కింద పదహారు సంతకాలు. మొదటిది వెంకట్రాములుది.

"ఆదివారం నేను డ్యూటీ ఎగ్గొట్టింది ఎవరన్న చూసిండ్రా?"

ఆయన వేలు సంతకాల మీదికి దిగింది.

"నాలుగోది నీది, నాగన్నా."

నేను చదివే సంతకం పెట్టాను. కాంట్రాక్టర్ పనివాళ్ల కొత్త లిస్టు వేస్తున్నాడనీ, ఈ కాగితం మీద సంతకం పెట్టనివాళ్ల పేరు అందులో ఉండదనీ వెంకట్రాములు చెప్పాడు. భయపడ్డాను. భయం ఒక్కటే అయితే ఇంత సిగ్గుపడేవాణ్ణి కాదు. ఎస్సీ కాలనీ మనిషి కుర్చీలో కూర్చుని నాకు పని చెప్తే ఎట్లా ఉంటుందోనని కూడా ఒక క్షణం అనుకున్నాను. ఆ క్షణంలోనే పెన్ను తీసుకున్నాను.

"భయపడ్డ, అన్నా."

"భయమైతే నాకు చెప్పాలె. నాతోని తింటనే వాళ్లకు సంతకం పెట్టినవా?"

పాల్ తన టిఫిను విప్పకుండానే వెళ్లిపోయాడు. నాలుగు రోజులు పనికి రాలేదు.

అయిదో రోజు వాళ్లింటికి పోయాను. రంగమ్మ గుమ్మంలోనే ఆపింది.

"వదినా, అన్నతోని ఒక్క మాట..."

"ఇంట్ల చెప్తే ఎవరింటరు? ఆయన ఇజ్జత్ నలుగుట్ల తీసిండ్రు. చెప్పేది నలుగుట్లనే చెప్పు."

మర్నాడు పొద్దున షిఫ్టు మారే వేళ గేటు దగ్గర దిమ్మె ఎక్కాను.

"నేను సంతకం పెట్టింది అబద్ధం మీద. పాలన్న మాట వినని రోజు నాకు ఒక్కటి గూడ లేదు. మనలో ఒకన్ని బయటికి నూకనీకె కాంట్రాక్టరు మన చేతులే వాడిండు. రేపు మీ మీద కాగితం రాస్తే దాని మీద గూడ మనమే సంతకం పెడతమా?"

వెంకట్రాములు ముందుకొచ్చాడు. "దిగు నాగన్నా. యూనియన్‌ను బద్నాం చేస్తున్నవు."

"యూనియన్ అంటే నువ్వొక్కనివేనా?" వెనకనుంచి ఎవరో అడిగారు.

హరీష్ మెల్లగా అన్నాడు, "పని నాకు అన్ననే నేర్పిండు. ఇంచార్జి చెయ్యమని నేను అడగలే."

"వద్దని గూడ అనలే గద," అంది రంగమ్మ.

హరీష్ వెంకట్రాములు వెంట లోపలికి నడిచాడు. పదకొండు మందిమి గేటు ముందు కూర్చున్నాం, మాతో రంగమ్మ కూడా. లోపల మిగిలినవాళ్లతో మోటార్లు నడవలేదు. మూడూ ఆగిపోయాయి.

కబురు అంది పాల్ వచ్చేసరికి ఆయకట్టు రైతులు కూడా వచ్చారు. మేనేజర్ ఆయనకు ఎదురెళ్లాడు.

"ముందు మోటరు నడిపియ్యి పాల్. నీ సంగతి తర్వాత చూస్తం."

"పదకొండేండ్ల సంది తర్వాతనే అంటుండ్రు సార్."

ముసలి రైతు ఒకాయన కోపంగా అన్నాడు, "మీ లొల్లిల మా మళ్లు ఎండుతున్నయి."

"నీ మడికి ఇన్నేండ్లు నీళ్లు పంపింది నేనే, పెద్దనాయినా. నేను ముందల నిలబడితే బాగుండదంటుండ్రు. ఎందుకో వీళ్లనే అడుగు."

రైతు మేనేజర్ వైపు తిరిగాడు. "ఎవరు నొక్కితే ఏంది సార్? మాకు నీళ్లు గావాలె. ఆయన్ని లోపలికి రానియ్యిండ్రి."

మేనేజర్ ఫోను చేశాడు. నీళ్లు రాలేదు, పోలీసు వ్యాను వచ్చింది. పాల్ వచ్చి రంగమ్మ పక్కన కూర్చున్నాడు. నా పక్కన చోటుంది, అటు చూడలేదు.

ఎస్సై మేనేజర్ ఇచ్చిన ఆ కాగితం పట్టుకుని పేర్లు రాసుకుంటూ నా దగ్గర ఆగి పాల్‌ను అడిగాడు. "ఈ మనిషి సంతకం మీ మీద ఇచ్చిన కాగితంల ఉంది గద. ఇతను గూడ మీతోటేనా?"

పాల్ నన్ను చూశాడు. ఆ చూపు ముందు నేను తల దించుకున్నాను.

"ఇయ్యాల మాతోనే ఉన్నడు. రాసుకోండ్రి."

క్షమించానని ఆయన అనలేదు. ఇప్పటికీ అనలేదు. పన్నెండు మందిమి, మాతో పాటు రంగమ్మ, వ్యాను ఎక్కాం. జాలీలోంచి చూస్తే రెండో షిఫ్టు వాళ్లు బండ్లు దిగుతున్నారు. మేనేజర్ గేటు బార్లా తెరిచి రమ్మంటున్నాడు. వాళ్లు మా వ్యానును చూశారు, తెరిచిన గేటును చూశారు. ఒకరి తర్వాత ఒకరు గేటు ముందే కూర్చున్నారు.