నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు

మెడికల్ కాలేజీలో పదిహేడేళ్లుగా నెట్‌వర్క్ ఇంజినీరుగా పనిచేస్తున్న మనిషి ఆమె. అయినా నెట్‌వర్కింగ్ సర్టిఫికేషన్ పరీక్ష రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ దెబ్బకొట్టింది మల్టీకాస్ట్ అధ్యాయమే. ఆ కాగితం ఉంటే తప్ప సీనియర్ పోస్టు ఇవ్వమని పైవాళ్లు తేల్చి చెప్పేశారు. పళ్లు బిగించి మూడోసారి దరఖాస్తు పెట్టింది.

ఈసారి చదివించే బాధ్యత తమ్ముడు నెత్తినేసుకున్నాడు. వాడు అదే పరీక్ష మొదటిసారికే పాసయ్యాడు. చిన్నప్పుడు ఎక్కాలు రాక ఏడుస్తుంటే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది ఈ అక్కే. ఇప్పుడు వాడు రోజూ పొద్దున ఆఫీసుకి వెళ్తూ దారిలో ఆగి, వంటింటి బల్ల మీద లాప్‌టాప్ తెరిచి, "ఇది చాలా సింపుల్ అక్కా" అని మొదలుపెడతాడు. ఆ మాట వింటేనే ఆమెకి ఒళ్లు మండిపోయేది.

"మల్టీకాస్ట్ అంటే ఏముంది, ఒకే వీడియో వందమంది చూడాలి. వంద కాపీలు పంపం, ఒక్కటే పంపుతాం. కావాలన్నవాళ్లు ఏ వైపు ఉన్నారో ఆ వైపుకే చీల్చి ఇస్తాం. అంతే. కుళాయి అనుకో..."

"నిన్న రేడియో అన్నావు. మొన్న వీధిలో మైకు అన్నావు. నాకు కుళాయీ వద్దు, మైకూ వద్దు. వీడియో ప్యాకెట్ ఏ వైపు నుంచి వచ్చిందో రౌటర్ ఎందుకు చూస్తుంది? అది చెప్పు."

"వీడియో పుట్టిన చోటికి రౌటర్ తను వెళ్లాలంటే ఏ దారి పడుతుందో, ప్యాకెట్ ఆ దారినే రావాలి. వేరే వైపు నుంచి వస్తే పారేస్తుంది."

"చక్కగా వచ్చినదాన్ని పారేయడం ఎందుకురా?"

"లేకపోతే అది గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. నీకు బేసిక్స్..."

"నా బేసిక్స్ జోలికి రాకు!"

ఆమె భర్త గుమ్మం దాకా వచ్చి, లోపలి వాతావరణం చూసి, వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోయాడు.

ఇవి చాలవన్నట్టు బట్టీపట్టాల్సిన మల్టీకాస్ట్ చిరునామాలొకటి. అన్నీ రెండువందల ఇరవైనాలుగుతోనే మొదలవుతాయి. చివర పదమూడైతే ఒకదానికి, ఇరవైరెండైతే ఇంకోదానికి. చీటీల మీద రాసి బాత్రూం అద్దానికి అంటిస్తే ఆవిరికి ఊడి సింకులో పడ్డాయి. సిరా అంతా కరిగిపోయింది.

పరీక్ష ఇంకా పదిరోజులుందనగా కాలేజీలో కొత్త తలనొప్పి మొదలైంది. సర్జన్ మేడమ్ చేసే ఆపరేషన్లు మూడు తరగతి గదుల్లో తెరల మీద విద్యార్థులకి నేరుగా కనిపించాలి. గదులు బాగుచేసి తెరిచిన మొదటిరోజే బొమ్మ కాసేపు ఆడి ఆగిపోయింది. మూసి తెరిస్తే మళ్లీ ఆడింది, మళ్లీ ఆగింది. రెండోరోజూ అదే వరస.

మూడోరోజు మేడమ్ ఆపరేషన్ గది బయటే ఆమెని నిలబెట్టి కడిగేసింది. "ఏమ్మా, నేను కత్తి పట్టుకోగానే మీ తెర కళ్లు తేలేస్తోందట! పిల్లలు నా చేతులు చూసి నేర్చుకోవాలా, నల్లటి గోడ చూసి నేర్చుకోవాలా?"

పక్కనే నర్సులు, విద్యార్థులు. ఆమెకి తల కొట్టేసినట్టయింది. ఇది కూడా మల్టీకాస్టే. పుస్తకంలో వదిలిపెట్టదు, ఉద్యోగంలోనూ వదిలిపెట్టదు!

మెట్ల కిందున్న నెట్‌వర్క్ స్విచ్‌ల గదిలోంచి తమ్ముడికి ఫోన్ చేసింది. వాడు అంతా విన్నాడు. "అది పరీక్షలో రాదక్కా. దాన్ని వేరే ఎవరికైనా అప్పజెప్పి నువ్వు చదువుకో" అన్నాడు.

"వేరే ఎవరున్నారురా ఇక్కడ?" అని ఫోన్ పెట్టేసింది.

మధ్యాహ్నం గదులు ఖాళీగా ఉన్నప్పుడు వీడియో ఒకటి పెట్టి, చేతిగడియారం ముందు పెట్టుకుని కూర్చుంది. నాలుగు నిమిషాల ఇరవై సెకన్లకి ఆగింది. మళ్లీ పెట్టింది. నాలుగు నిమిషాల ఇరవై. మూడు గదుల్లోనూ అంతే. తెగిన వైరు ఇంత లెక్కగా చెడిపోదు. ఈసారి గదులకి వీడియో పంచే స్విచ్‌లోకి లాగినై, వీడియో అడిగినవాళ్ల జాబితా తెరిచి చూసింది. మూడు గదులూ అందులో ఉన్నాయి. చూస్తుండగానే సమయం తగ్గుతూ తగ్గుతూ సున్నాకి వచ్చి మూడు పేర్లూ చెరిగిపోయాయి.

పుస్తకం తిరగేసింది. నాలుగే నాలుగు వాక్యాలు, అదీ పేజీ అడుగున. "ఇంకా చూస్తున్నారా?" అని ఎవరో ఒకరు అప్పుడప్పుడూ అడుగుతుండాలి. అడిగితేనే కంప్యూటర్లు అవునంటాయి. జవాబు రానివాళ్ల పేరు స్విచ్ కొట్టేస్తుంది. ఇన్నాళ్లూ అడుగుతూ వచ్చింది పాత రౌటర్. గదులు బాగుచేసినప్పుడు కాంట్రాక్టరు మనుషులు దాన్ని ఊడదీసి స్టోరులో పడేశారు. ఆమెతో ఒక్క మాటైనా చెప్పలేదు.

అడిగే పని స్విచ్‌కే అప్పగించింది. ఒక్క వరుస కమాండ్ సరిపోయింది. ఐదు నిమిషాలైంది, పదైంది, అరగంటైంది. వీడియో ఆడుతూనే ఉంది. ఆమె ఖాళీ బెంచీ మీద కూర్చుని, ఈ నాలుగు వాక్యాలూ ముందు పేజీలో రాసి చావొచ్చుగా అని పుస్తకం రాసినవాళ్లని తనివితీరా తిట్టుకుంది. మర్నాడు ఆపరేషన్ రెండు గంటలు సాగినా బొమ్మ కదలకుండా వచ్చింది. మేడమ్ నుంచి మెచ్చుకోలు రాలేదుగాని తిట్లూ రాలేదు.

పరీక్షనాడు తెర ముందు కూర్చుంటే మల్టీకాస్ట్ ప్రశ్నలు పదకొండు వచ్చాయి. "ఇంకా చూస్తున్నారా" సంగతి ఒక్కదాంట్లోనూ లేదు. దాదాపు అన్నీ పదమూడులూ ఇరవైరెండులే. ప్యాకెట్ ఎందుకు పారేస్తారన్నది మాత్రం ఒకటి వచ్చింది. అది టకీమని పెట్టింది.

పాసైంది. కాగితం మీద విభాగాలవారీగా మార్కులున్నాయి. మల్టీకాస్ట్: నలభైఐదు శాతం. అన్నిటికన్నా తక్కువ.

తమ్ముడు ఫోన్‌లో ఎగిరి గంతేశాడు. మార్కులు విని, "అదేంటక్కా? అక్కడ మొత్తం నువ్వే సరిచేశావుగా!" అన్నాడు.

"నన్నడుగుతావేంట్రా? పేపరు పెట్టినవాళ్లని అడుగు." నవ్వొచ్చింది, ఒళ్లూ మండింది. "రేపు మాత్రం రాకు. కాస్త పడుకోనీ."

ఇంటికి వెళ్లే బస్సెక్కి కూర్చుందో లేదో మళ్లీ ఫోన్ మోగింది. సర్జన్ మేడమ్. "ఏమ్మా, మూడో గదిలో మాట వినపడటం లేదట!"

ఆమె కళ్లు మూసుకుని ఊపిరి వదిలింది. "స్పీకరు ప్లగ్గు పెట్టారేమో ఒకసారి చూడమనండి, మేడమ్."

అవతల ఎవరినో "ప్లగ్గే పెట్టలేదా?" అని కసరడం వినిపించింది. తర్వాత ఫోన్ కట్టయింది.